మాటల రుసుము

రేడియోకు డబ్బు కట్టే రోజులు పోయాయి. ఇప్పుడు లైసెన్సు రుసుము మాటల్లో తీసుకుంటారు. ప్రతి ఇంటి గోడకూ ఒక పెట్టె బిగించారు. ఇంట్లోవాళ్లు మాట్లాడుకున్నది అది పట్టుకుపోతుంది. ఆ మాటలనే అతికించి కార్యక్రమాలు చేస్తారు.

మా ఇంటి రుసుము నా భార్య నాంచారమ్మే కట్టేది. కాకులతో కూడా మాట్లాడేది. ఆమె పోయాక పెట్టెలో ఒక్క మాటా పడలేదు.

రేడియో ఆఫీసు నుంచి వసూలుకు ఝాన్సీ వచ్చింది.

"ఇట్టా అయితే లైను కొయ్యాల బాబాయ్. ఏదో ఒకటి మాట్లాడరాదూ?"

"ఎవరితో?"

"గోడతో. నాకేం?"

నాంచారమ్మ ఎప్పుడో కట్టిన మాటలు ఇంకా అప్పుడప్పుడూ రేడియోలో వస్తుంటాయి. నేను వినేది వాటికోసమే. లైను కోస్తే అవీ ఉండవు.

పెట్టె వైపు తిరిగాను.

"చింతపండు ఎక్కడ పెట్టావో చెప్పి చావలేకపోయావా? నీకసలు బుద్ధుందటే?" అని అరిచాను.

పెట్టె మీద పచ్చలైటు వెలిగింది.

"తిట్లయినా చెల్లుతాయిలే బాబాయ్" అని నవ్వుకుంటూ ఝాన్సీ వెళ్లిపోయింది.

మర్నాడు రేడియోలో నా తిట్లు వచ్చాయి. వాటి వెనకే నాంచారమ్మ గొంతు వచ్చింది.

"అటక మీదుందయ్యా. కళ్లు తెరిచి చూడు."

ఎన్నడో నేను పార కోసం అడిగితే ఆమె అన్న మాట అది. దాన్ని ఇక్కడ అతికించినవాణ్ణి నేను క్షమించను.

అయినా అటక ఎక్కాను. చింతపండు లేదు.

దిగి వచ్చి పెట్టె ముందు కూర్చున్నాను.

"అబద్ధాలెందుకు చెప్తావే?" అని గట్టిగా మొదలుపెట్టాను.