గులాబీ సబ్బు గుట్టు

ఊరి అవతలి చిన్న కంపెనీవాళ్ళు గులాబీ సబ్బులో ఏం కలుపుతారో ఆ గుట్టు తెచ్చిస్తే, సర్వర్ల విభాగానికి హెడ్డుని చేస్తానని పెద్ద సబ్బుల కంపెనీ యజమాని రీస్టార్టుకు మాటిచ్చాడు.

ఎవరు ఏ సమస్య చెప్పినా ముందు ఒకసారి రీస్టార్ట్ చేసి చూడమంటాడని ఆఫీసులో అతనికా పేరు స్థిరపడిపోయింది. పేరు అలా ఉన్నా పనిలో దిట్ట. ఆ హెడ్డు కుర్చీ కోసం ఆరేళ్ళుగా కళ్ళు కాయలు కాచేలా చూస్తున్నాడు.

చిన్న కంపెనీలో ఉద్యోగానికి చేరాలి, ఫార్ములా ఫైలు కాపీ చేసుకు రావాలి, తన ముందే దాన్ని తెరవాలి అన్నాడు యజమాని. "ఇప్పటిదాకా ఎవరివల్లా కాలేదయ్యా. నువ్వయినా సాధించుకు రా," అని భుజం తట్టాడు.

హెడ్డు కాబోతున్నానని రీస్టార్టు ఇంట్లో నోరు జారాడు. సాయంత్రానికల్లా భార్య ఆ కబురు పుట్టింటివాళ్ళందరికీ చేరవేసింది. ఇక వెనక్కి తగ్గితే మావగారి ముందు తలెత్తుకోలేడు.

చిన్న కంపెనీ నడిపేది డెబ్బై ఏళ్ళ పెద్దావిడ. సర్టిఫికెట్లు తిరగేయలేదు, పాత ఉద్యోగం ఎందుకు మానేశావని అడగలేదు. తమ సర్వరు లినక్సుదని, ఆ పని వచ్చా అని మాత్రం అడిగింది. వచ్చన్నాడు. అంతే, సర్వరు తాళంచెవులన్నీ ఇచ్చినట్టు పాస్‌వర్డు రాసిన కాగితం చేతిలో పెట్టింది. పిల్లికి పాలకుండ అప్పగించడమంటే ఇదే కాబోలనుకుని రీస్టార్టు నవ్వాపుకున్నాడు.

"ఒక్క ఫార్ములా ఫోల్డరు జోలికి మాత్రం వెళ్ళకు బాబూ. మనిషన్నవాడు ఎవరు తెరిచినా నా ఫోను మోగుతుంది," అందావిడ. తర్వాత నిట్టూర్చి, రోజూ అన్నిటికీ బ్యాకప్ అవుతోందంటారు గానీ ఆ డిస్కులో ఏముందో తామెవరూ చూసిన పాపాన పోలేదని చెప్పింది.

రీస్టార్టు మనసు గంతేసింది. బ్యాకప్ అంటే సర్వరులోని ప్రతి ఫైలుకూ నకలు. అసలు ఫైలు తెరిస్తే ఆవిడ ఫోను మోగుతుంది. నకలు తెరిస్తే చీమకైనా తెలియదు.

సర్వరు గదిలో వైర్లన్నీ కట్టలు కట్టి, చీటీలు అంటించి ముచ్చటగా ఉన్నాయి. గోడ మీద ఒక కాగితం. వైర్లు, పాస్‌వర్డులు, బ్యాకప్, ప్రింటర్లు అని నాలుగు పనులు. మొదటి రెండింటి పక్కన టిక్కులు. పద్ధతైన మనుషులేననుకుని బ్యాకప్ డిస్కు తెరిచాడు.

అందులో ఏమీ లేదు.

గంటసేపు వెతికితే సంగతి తేలింది. డిస్కు తగిలించి ఉంది గానీ, సర్వరు దాన్ని గుర్తించి వాడుకునేలా ఎవరూ మౌంట్ చేయలేదు. బ్యాకప్ ప్రోగ్రాము రోజూ మధ్యాహ్నం లేవడం, డిస్కు కనబడక ఆగిపోవడం. అయితే దాన్ని రాసిన మహానుభావుడు చివరి వరుసలో, ఏం జరిగినా సరే "బ్యాకప్ విజయవంతం" అని చెప్పమని రాసిపెట్టాడు. అదీ పాపం, రెండేళ్ళుగా చెప్పింది చెప్పినట్టు చెబుతోంది.

దొంగతనానికొస్తే బీరువా కూడా మనమే చేయించి పెట్టాలా అని రీస్టార్టు తిట్టుకున్నాడు. కానీ వేరే దారి లేదు. సర్వరు లేచినప్పుడల్లా డిస్కు దానంతటదే మౌంటయ్యేలా సెట్టింగు మార్చాడు. తప్పు జరిగితే తప్పనే చెప్పేలా ప్రోగ్రాము తిరగరాశాడు. డిస్కే అరిగిపోయిందని తేలితే కొత్తది తెప్పించాడు. టీ పట్టుకొచ్చిన మేస్త్రి ఇంకా ఎన్నాళ్ళు పడుతుందని అడిగితే మూడు వారాలన్నాడు.

"పర్లేదు బాబూ, కిందటాయన నెల తీసుకున్నాడు," అన్నాడు మేస్త్రి.

మూడో వారానికి రీస్టార్టు తానెందుకొచ్చాడో మరిచిపోయేంతగా పనిలో పడ్డాడు. మూలనున్న పాత కంప్యూటరులోకి బ్యాకప్ మొత్తం వెనక్కి తెచ్చి పరీక్షించాడు. ఫార్ములా ఫైలు వచ్చింది. సైజు, తేదీ, నకలు అసలుతో సరిపోయిందో లేదో చెప్పే చెక్‌సమ్ అంకె, అన్నీ సర్వరు జాబితాతో సరిపోయాయి. ఒక్క అక్షరం పొల్లుపోలేదు. ఫైలు చెక్కుచెదరకుండా వచ్చిందా అని చూడటమే తప్ప అందులో ఏం రాశారని చూసే అలవాటు ఆ వృత్తిలో లేదు. తృప్తిగా పెన్‌డ్రైవులో వేసుకున్నాడు.

పిన్నికి ఒంట్లో బాగాలేదు, ఉద్యోగం మానేస్తానని చెబితే పెద్దావిడ ఒక్క ప్రశ్న వేయలేదు. రెండు గులాబీ సబ్బులు కాగితంలో చుట్టి ఇచ్చింది. అంత మంచి మనిషిని మోసం చేశానే అని రీస్టార్టుకు మనసు చివుక్కుమంది. హెడ్డు కుర్చీ గుర్తుకొచ్చి సర్దుకుంది.

మర్నాడు పొద్దున్నే యజమాని గది తలుపులు వేయించాడు. పెన్‌డ్రైవు పెట్టి, ఫైలు తెరిచి, కళ్ళజోడు సవరించుకున్నాడు. రెండు వరుసలు చదివేసరికి ఆయన ముఖం కందగడ్డలా అయింది. స్క్రీను రీస్టార్టు వైపు తిప్పాడు. దాని మీద ఇలా రాసి ఉంది.

"నాయనా, ఫార్ములా నా బుర్రలో తప్ప ఇంకెక్కడా లేదు, ఈ ఫైలు చదువుతున్నావంటే మా బ్యాకప్ బాగుపడ్డట్టే గనక, మీ యజమానిగారికి నా థాంక్స్ చెప్పి, వైర్లకూ పాస్‌వర్డులకూ బ్యాకప్‌కూ పంపినట్టే ఈసారి ప్రింటర్ల పని తెలిసినవాణ్ణి పంపమను."