బెంచీల మైనం

పొద్దుగూకినప్పటి నుంచి, తాళం వేసిన చర్చిలోంచి మా అమ్మ మైనం వాసన వస్తోందని పక్కింటి పిన్ని వీధంతా చెప్పిందట. ఆవిడ ముక్కుకు లేనివి కూడా తగులుతాయని నవ్వేశాను.

అమ్మ ఉన్నన్నాళ్ళూ ప్రతి శనివారం చర్చి బెంచీలకు మైనం రాసేది. ఆదివారం తలుపు తీయగానే ఆ వాసనతోనే ఆరాధన మొదలయ్యేది. మైనంలో ఏది ఎంత వేయాలో చెప్పకుండానే పోయింది. నిమ్మతొక్క, లవంగాలు వేసి నేనెన్నిసార్లు కాచినా ఆ వాసన రాలేదు. రేపటికీ రాకపోతే సెంటు మిషను పెట్టించేస్తానన్నారు పాస్టరుగారు.

చీకటిపడ్డాక, గంట కొట్టే మా బాబాయిని తోడు తీసుకెళ్ళి తాళం తీశాను. ఉన్న ఒక్క తాళంచెవీ నా దగ్గరే ఉంటుంది.

గుప్పుమంది. అచ్చం అదే వాసన. నేను ఆరేళ్ళదాన్నై, అమ్మ గుడ్డతో రుద్దే చప్పుడు వింటూ బెంచీ కింద పడుకున్నట్టే ఉంది. ముట్టుకుంటే వేళ్ళకు తడి మైనం అంటింది. అన్ని బెంచీలూ అంతే. ముందు బెంచీ చివర, అమ్మ ఎప్పుడూ కూర్చునే చోట మాత్రం, ఒక మనిషి పట్టేంత మేర పొడిగా ఉంది.

"ఇదొక్కటీ ఎందుకు వదిలేశారు బాబాయ్?" అన్నాను.

బాబాయి టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"కూర్చున్న మనిషిని లేపి ఎవరు రాస్తారే?"