ఏటేటా పెరిగిన కొమ్ములు

"ఈ ఏడాది నీ దుప్పి కొమ్ములు ఎంత పెరిగాయి ఒస్మో?"

కాఫీ పోస్తూనే చురక అంటించింది హిల్కా. పెట్రోలు బంకు పక్కనున్న ఆమె హోటల్లో ప్రతి బల్లా నవ్వింది. ముసలి ఒస్మో తొణకలేదు. రెండు చేతులూ బార్లా చాపాడు. చాలక పక్కవాడి చెయ్యి కూడా అరువు తీసుకున్నాడు.

"ఇక్కణ్ణించి ఇక్కడికి. నీ హోటలు మొత్తం ఆ కొమ్ముల మధ్య పడుతుంది."

"నిరుడు చర్చి గంటే కదా పట్టింది?"

"మరి ఏడాదిపాటు మేసింది కదే."

ఇరవై రెండేళ్ల కిందట ఇదే నవంబరులో, ఊరి చివరి మలుపులో, పాటగాడు ఇలారి కారు చెట్టుకి గుద్దుకుంది. ఆ రోజుల్లో దేశంలో ఆడపిల్లలున్న ప్రతి ఇంటి గోడ మీదా అతని బొమ్మే. రోడ్డుకి అడ్డంగా దుప్పి వస్తే తప్పించబోయి స్టీరింగు తిప్పాడని పోలీసులకి చెప్పింది ఒస్మోనే. చూసినవాడు అతనొక్కడే. అందుకని ఆ దుప్పి ఊళ్లో అతని సొంత పశువైపోయింది. ఏటా దానికి కాస్త ఎరువు వేసి కొమ్ములు పెంచేవాడు.

అలాగని ఉత్త కోతలరాయుడేం కాదు. చచ్చినవాళ్లకి దీపాలు పెట్టే ఈ శనివారం, ఊరంతా సమాధుల తోటకి పోతే, అతను మాత్రం కొవ్వొత్తి పట్టుకుని ఆ మలుపుకి పోయేవాడు. ఒక్క ఏడూ తప్పలేదు.

రేడియోలో పొద్దుట్నించీ ఇలారి పాటలే. మధ్యలో వార్తలు వచ్చినప్పుడల్లా హిల్కా దాని గొంతు తగ్గించేస్తోంది.

"కాగితం మిల్లు మూత, సరిహద్దులో గొడవ, పడవ మునక. ఇవి వినడానికి నా కాఫీ దండగ."

మళ్లీ గొంతు పెంచేసరికి 'ఇంకాస్త దూరమే' పాట మొదలైంది. ఒస్మో లేచి కోటు అందుకున్నాడు. ఈ పాటకి అతను లేచి వెళ్లిపోతాడని అందరికీ తెలుసు. ఎవరూ నవ్వలేదు. కారు నుజ్జయినా క్యాసెట్టు ఆగలేదట. రోడ్డు పక్క గుంటలోంచి ఈ పాటే చివరిదాకా వినబడిందట. తాగినప్పుడు ఒక్కసారి చెప్పాడు ఆ మాట.

కోటు తొడుక్కుంటుంటే గలగలమన్నాయి బిళ్లలు. చీకట్లో కారు లైటు పడితే మెరిసే బిళ్లలు. ఎవరైనా ఒకటి తగిలించుకుంటారు. ఒస్మోకి జేబులకి రెండు, చేతులకి రెండు, వీపున ఒకటి.

"ఒకప్పుడు ఒక్కటి పెట్టుకోమంటే 'నేనేమన్నా క్రిస్మస్ చెట్టునా' అనేవాడివి," అంది హిల్కా. "నల్లకోటేసుకుని రోడ్డు మధ్యన దొరలా నడిచేవాడివి. ఇప్పుడు చూడు. ఆ దుప్పి మెళ్లో ఒకటి కట్టివుంటే పాపం ఇలారి బతికేవాడు."

బొత్తం మీద ఒస్మో వేళ్లు ఆగాయి.

"బతికేవాడే," అన్నాడు.

అప్పుడే తలుపు తోసుకుని ఒకావిడ వచ్చింది. యాభై దాటి ఉంటుంది. ఆమె గడ్డం, కళ్లూ చూసి హిల్కా గరిటె పక్కన పెట్టేసింది. గోడల మీది ఆ మొహమే.

"ఒస్మో గారంటే ఎవరండీ? నేను మెర్విని. ఇలారి అక్కని."

రేడియో ఆపేయబోయింది హిల్కా. మెర్వి వద్దంది.

"మా అమ్మ ఆస్పత్రిలో ఉందండీ. వారం దాటదన్నారు. ఏటా మలుపులో దీపం పెట్టేది మీరేనని ఆమెకి తెలుసు. మీకు దణ్ణం చెప్పమంది. ఒక్క మాట అడిగి రమ్మంది కూడా."

ఒస్మో మెల్లిగా కూర్చున్నాడు.

"'నా కొడుకు ఊరికే పోలేదు, ఒక ప్రాణిని కాపాడి పోయాడు' అనుకునే ఇన్నేళ్లూ బతికిందండీ. వేటరోజుల్లో ఇరుగుపొరుగులు దుప్పి మాంసం పంపితే ముట్టేది కాదు. ఇప్పుడు ఒకటే అడుగుతోంది. ఆ దుప్పి బతికిందా?"



"బతికింది," అన్నాడు ఒస్మో.

"దెబ్బలేమన్నా?"

"ఒక్క గీత పడలేదు."

"తర్వాత ఎప్పుడైనా కనబడిందా?"

"ఇక్కడిక్కడే తిరుగుతుంటుంది."

"చాల్లే ఒస్మో, దుప్పులు అన్నేళ్లు బతకవు," అని గొణిగింది హిల్కా.

"ఇది బతికింది."

మెర్వి కళ్లు తుడుచుకుంది. "బాగా బతికిందా అని కూడా అడగమందండీ. నవ్వకండి. చావుమంచం మీది మాట."

ఒస్మో నవ్వలేదు. కొమ్ములు చూపించిన చేతులు రెండూ ఒళ్లో పెట్టుకున్నాడు.

"లేదమ్మా. లైటు పడితే చాలు, బెదిరేది."

ఆమె దణ్ణం పెట్టి బయటికి నడిచింది. మూడున్నరకే చీకటి పడుతోంది. కారు తలుపు తీస్తుంటే వెనక గలగల వినబడింది. ఒస్మో కోటు జేబు బిళ్ల పీకి ఆమె కోటుకి తగిలించాడు.

"నన్ను తీసుకుపో తల్లీ. మీ అమ్మకి నేనే చెప్తాను."

"మూడు గంటల దారండీ."

"ఫరవాలేదు."

కారు కదిలింది. రేడియోలో 'ఇంకాస్త దూరమే' మళ్లీ వేశారు. మెర్వి కట్టేయబోతే చెయ్యి అడ్డుపెట్టాడు. మలుపు వచ్చింది. కొవ్వొత్తి ఇంకా జేబులోనే ఉంది.

"ఇక్కడ కాస్త ఆపు," అన్నాడు. ఆమె ఆపింది. పాట అయిపోనిచ్చాడు.

"ఆ సాయంత్రం ఈ రోడ్డు మధ్యన నడుస్తున్నది దుప్పి కాదమ్మా."