కోటగుమ్మంలో వైద్యురాలు

"మళ్ళీ పక్కకు జరిగితివే పెద్దమ్మా!" కుర్చీ వెనకనుంచి కృపమణి అరిచింది.

కంప్యూటరు తెర మీద కోటగుమ్మం. యోధులు నలుగురు గుమ్మం దాటి అడవిలోకి పోతున్నారు. తెల్లంగీ తొడిగిన వైద్యురాలు మొహం తిప్పుకుని గోడ చాటున నిలబడి ఉంది.

రాజ్యలక్ష్మమ్మ మౌసు మీది చెయ్యి తీసి కొంగుకు తుడుచుకుంది. "పనిమీద పోతాండారు కదమ్మీ. నేను ఎదురు రాకూడదు."

"ఇది ఆట! కత్తి పట్టేటోడు నరకాల. మంత్రగాడు మంత్రమెయ్యాల. నువ్వేసింది వైద్యురాలి వేషం, నీకు కత్తి లేదు. గాయాలు మాన్పాల, బయల్దేరేటోళ్ళకు ఎదురు నిలబడి దీవెన ఇయ్యాల. దీవెన లేకుంటే వాళ్ళకు సగం బలమే."

"గాయాలు మాన్పుతాండా కదా."

"దీవెన ఇయ్యనీక మీ ఆయన రావాల్నా?" అనేసి కృపమణి నాలిక కరుచుకుంది. ఆ నెట్ సెంటరు ఆమెదే. నోరు కూడా ఆమెదే.

రాజ్యలక్ష్మమ్మ నవ్వింది. "ఆయనుంటే నేను పక్కకు ఎందుకు జరుగుతానే పిచ్చిదానా? పెండ్లాం పోయిన మగోడు పెండ్లిలో ముందు వరసలో కూచుంటాడు. ఈ తప్పుకునే బతుకు మాకే."

కర్నూలులో మరిది ఇంట్లో ఉంటుందామె. పొద్దున మగవాళ్ళు అంగడికి బయలుదేరేదాకా గది తలుపు తీయదు. మరిది మనవరాలు శ్రీవాసవి కాపురానికి పోయిన రోజు కూడా వంటింటి కిటికీలోంచి కారు వెనక అద్దం చూసి తృప్తి పడింది. పెండ్లికి ముందు పరీక్ష ఫలితాలకని ఈ నెట్ సెంటరుకు వచ్చినప్పుడు ఆమెను తోడు తెచ్చుకుని, ఈ ఆట నేర్పింది ఆ పిల్లే. భర్త కేశవులు మందుల అంగడి నడిపిన రోజుల్లో డబ్బాల మీది పేర్లు చూసి కూడబలుక్కుని నేర్చుకున్న ఇంగ్లీషు అక్షరాలు ఇప్పుడు పనికొచ్చాయి. వాటితోనే తెలుగు మాటలు ఒక్కొక్క వేలితో కొడుతుంది.

జట్టులో అందరూ తెలుగువాళ్ళే. ఒకరి మొహం ఒకరికి తెలియదు. ఇంట్లో పొద్దుగూకేదాకా ఆమెను పిలిచేవాళ్ళు లేరు. ఇక్కడ మాత్రం "వైద్యురాలా, యాడుండావు?" అని కేకలే కేకలు.

ఆ సాయంత్రం జట్టు ఓడిపోయి తిరిగొచ్చింది. సేనాని రాసిన మాట తెర మీద మెరిసింది. "రేపు కూడా దీవెన ఇవ్వకుంటే ఇంకో వైద్యురాలిని చూసుకుంటాం."

రాజ్యలక్ష్మమ్మకు ఈ వాకిలి కూడా మూసుకుంటే ఇక పోయే చోటు లేదు.

అంతలో గొడ్డలిరాయుడు పలికాడు. ఆటలో చెవిలో మాట అని ఒకటుంది, అది ఇద్దరికే కనబడుతుంది. రాయుడివి చెవులదాకా మీసాలు, ఆంబోతు భుజాలు. బనగానపల్లె నుంచి ఆడతాడట. ఎప్పుడూ అందరూ బయలుదేరిపోయాకే వస్తాడు. "ముందు మీరు పోండి. మీరు నరకంగా మిగిలినోళ్ళు నాకు!" అని బీరాలు పలుకుతాడు. అప్పుడప్పుడే మీసం మొలుస్తున్న పిల్లాడై ఉంటాడనుకుని ఆమె అతన్ని నాయనా అంటుంది.

"ఏమి వైద్యురాలా, దీవెన ఇయ్యనంటివంట?"

"నా ఎదురు మంచిది కాదు నాయనా. మా ఆయన పోయినాడు."

ఈ మాట విని అతను కూడా పోయాడేమో అనుకుంది.

"ఈడ నీకు ఇల్లు లేదు, వాకిలి లేదు. ఏ వేషం కడితే ఆ బతుకే బతకాల. నన్ను చూడు, గొడ్డలి మాట తప్ప ఇంకో మాట మాట్లాడినానా?"

"మగపిల్లోడివి, నీకేం తెలుస్తాది?"

"తెలీదులే. రేపు మాత్రం నిలబడు. నువ్వు పోతే నాతో మాట్లాడేటోళ్ళు ఎవరుండారు?"

"మీ ఇంట్లో ఎవరూ లేరా?"

"ఉండారు. శానామంది ఉండారు."

మరునాడు వైద్యురాలు గుమ్మం నడిమధ్యన నిలబడింది. రాజ్యలక్ష్మమ్మ మీట నొక్కింది. యోధులు ఒక్కొక్కరే ఎదురుగా వచ్చి తల వంచి, దీవెన అందుకుని పోయారు. ఏ క్షణాన ఎవరు కూలుతారో అని ఆమె తెర మీదినుంచి చూపు తిప్పకుండా కూర్చుంది. ఎవరూ కూలలేదు. నలుగురూ గెలిచి వచ్చారు.

"నీ హస్తవాసి గట్టిది వైద్యురాలా!" అన్నాడు సేనాని.

ఆమె కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, ఆ మాట మళ్ళీ చదువుకుంది.

"ఇంగ నీ పని మొదలు పెద్దమ్మా," అంది కృపమణి. "దీవెన ఫలించిన వైద్యురాలు ఒంటరిగా కొండకు పోయి మూలిక తేవాల. ఎవరూ వెంట రాకూడదు. గుమ్మందాకా వచ్చి సాగనంపొచ్చు, అంతే."

"నన్నా? సాగనంపుతారా?" అంది రాజ్యలక్ష్మమ్మ. ఆమె ఎక్కడికి పోయినా ఏ గడపలోనూ ఎవరూ నిలబడింది లేదు. వెంటనే రాయుడికి చెవిలో మాట పంపింది. "రేపు నువ్వు కూడా ముందుగా రా నాయనా. నీ మొహం చూసి పోతా."

"నేనెందుకులే."

"నీ మాట విని నేను నిలబడలేదా?"

బదులొచ్చింది. "వస్తా."

మరునాడు జట్టంతా గుమ్మానికి అటూ ఇటూ బారులు తీరింది. కత్తులు పైకి లేచాయి. వెనక వరసలో రాయుడి మీసాలు కనబడగానే ఆమె మొహం వెలిగింది. వైద్యురాలు అడుగు ముందుకేసింది. కత్తులవాళ్ళు జరిగి రాయుడికి దారి ఇచ్చారు.

"ఎదురు రా నాయనా," అని కొట్టింది రాజ్యలక్ష్మమ్మ.

గొడ్డలిరాయుడు మొహం తిప్పుకుని గోడ చాటుకు జరిగాడు.