విమానంలో ఒక్క సీటు

రైలు పూర్తిగా ఆగకముందే బసవయ్య పెట్టెలన్నీ వెతికేశాడు. కొడుకు కనిపించలేదు. చివరి పెట్టెలోంచి కోడలు భ్రమరాంబ ఒక్కతే దిగింది.

"వాడేడమ్మా?"

"నడిచి వస్తున్నారు మావయ్యగారూ."

బసవయ్య కొడుకూ కోడలూ రంగూనులో కాపురం ఉంటున్నారు. జపానువాళ్లు రంగూను మీద బాంబులు వేశారని తెలిసిన రోజే, తన దగ్గర బియ్యం కొనే కలకత్తా షావుకారును బతిమాలి విమానంలో సీటు సంపాదించాడు. ఒక్కటే దొరికింది. అది కొడుకు రాజబాబుకని, కోడల్ని వెనకాల ఓడలో రమ్మని తంతి కొట్టాడు.

"నిన్ను ఓడలో రమ్మన్నాను గదా?"

"ఓడలు దొరల కుటుంబాలకే చాల్లేదండి. విమానంలో ఆడవాళ్లను ముందు ఎక్కిస్తున్నారు, నువ్వెళ్లు అన్నారు."

"వాడన్నాడు, నువ్వెక్కావు."

ఆమె తల వంచుకుంది.

స్టేషన్ బయట జట్కా ఎక్కారు. ఎంత కష్టం వచ్చినా బసవయ్యకు ముందు తోచేది లెక్కే.

"గాలిలో అయితే రంగూను నుంచి కలకత్తాకి ఆరువందల యాభై మైళ్లట. ఎంతసేపు పట్టింది?"

"నాలుగు గంటల పైన."

"నడకంటే కొండలూ అడవులూ చుట్టి రావాలి. దూరం రెట్టింపు. రోజుకు పది మైళ్లు నడిచినా నాలుగు నెలలు. కొట్టు నుంచి ఇంటికే జట్కాలో వచ్చే మనిషి వాడు. దారి పొడుగునా కలరా అంటున్నారు."

భ్రమరాంబ రోడ్డు వంక చూస్తూ కూర్చుంది.

"మాట్లాడవేం? మీ అత్తయ్య గుమ్మంలోనే నిలబడి ఉంటుంది. నువ్వు నాలుగు గంటల్లో వచ్చావు, నీ మొగుడు నాలుగు నెలలకి వస్తాడని చెప్పనా?"

"మీ ఇష్టమండి."

రాబర్ట్‌సన్‌పేట దాటాక బసవయ్య బండివాడి భుజం తట్టాడు.

"ఇదిగో, ఈవిడను ఇంటి దగ్గర దించి, నన్ను మళ్లీ స్టేషన్‌కి తీసుకెళ్లు."

"ఎక్కడికండీ?" అంది భ్రమరాంబ.

"చిట్టగాంగ్. అడవి దాటిన వాళ్లంతా అక్కడికే చేరుతున్నారట. వాడు వచ్చేదాకా అక్కడే కూర్చుంటాను."

"కొట్టు?"

"మూసేస్తాను."

ఎన్నాళ్లు మూయాలో, ఎంత పోతుందో అతను లెక్క చూడలేదు. అతను లెక్క చూడకపోవడం కోడలు ఎన్నడూ ఎరగదు. ఆమె చెయ్యి జట్కా చువ్వను గట్టిగా పట్టుకుంది.

"వెళ్లొద్దు మావయ్యగారూ."

"ఏం?"

భ్రమరాంబ పమిట చెంగుతో నుదుటి బొట్టు తుడిచేసుకుంది.

"ఆయన మొదటి రోజు బాంబులకే పోయారు. మీ తంతి ఆ తర్వాత అందింది. ఆయన లేరని చెప్పి ఉంటే, ఆ సీటు నాకు ఉంచేవారా?"