కళ్లు ఆర్పండక్కా

తప్పులుంటే దిద్దుకుని చదవండి. అక్షరాలు నాకు యాభై దాటాక వచ్చాయి. ఫోనులో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఈ కాస్త రాయడానికి పది రోజులు పట్టింది. నా వేలు నెమ్మది. మా పాళెంలో నెట్టు ఇంకా నెమ్మది.

తుఫాను షెల్టరు మిద్దె మీద నెత్తళ్ల చేపలు ఎండబోసి ఉన్నాయి.

వాటి మధ్య ఒక ప్లాస్టిక్ కుర్చీ. అందులో వనజాక్షి, ముఖం ఎండకేసి పెట్టి కూర్చుంది.

రెండు నెలల తర్వాత ఆమె పగటి వెలుగులోకి రావడం అదే మొదలు.

మొగుడు వేటకు పోయి శవమై ఒడ్డుకు చేరిన నాటి నుంచి ఇంట్లో మూల కూర్చుంది. మూడో నెల దాటేదాకా ఎవరికీ ఎదురు పడకూడదన్నారు. ముఖం దాచుకోమన్నారు. దాచుకుంది.

ఇప్పుడు ఆ ముఖాన్నే చూపించమంటున్నారు.

"కళ్లు ఆర్పండక్కా," అన్నది సచివాలయం నుంచి వచ్చిన క్యాథరిన్, ఫోను ఎదురుగా పట్టుకుని.

వనజాక్షి ఆర్పింది.

ఫోనులో గుండ్రటి గీత తిరిగింది. తిరిగి తిరిగి ఆగిపోయింది.

"నెట్టు అందలేదు. మళ్లీ ఒకసారి."

భర్త పోయిన వాళ్ల పింఛనులో పేరు ఎక్కాలంటే ఫోను ఆ ముఖాన్ని గుర్తు పట్టాలి. ఈ రోజే ఆఖరు. దాటితే మళ్లీ ఆరు నెలలకు. పడవ కూడా మొగుడితోనే పోయింది. ఇంట్లో అత్త, ఇద్దరు ఆడపిల్లలు.

పాళెం మొత్తానికీ కాస్తో కూస్తో సిగ్నల్ తగిలేది ఈ మిద్దె మీదే.

ఇక్కడి నుంచి చూస్తే టవరు కనిపిస్తుంది. కొత్త సామాను బిగిస్తాం, ఇక నెట్టు మెరుపే మెరుపని దానికి బ్యానరు కట్టి ఏడాది దాటింది. ఉప్పుగాలికి బ్యానరు చిరిగి, నవ్వే అమ్మాయి బొమ్మలో పళ్లు మాత్రం మిగిలాయి. కింద నీడలో మేకలు పడుకుని ఉన్నాయి.

"దాని పాడె గట్ట," అన్నది వనజాక్షి. "మేకలు కట్టేసుకోను తప్ప దేనికి పనికొచ్చింది ఆ ఇనప గడ?"

"కదలొద్దక్కా. కళ్లు ఆర్పండి."

"ఎన్ని తూర్లు పాపా? ఆయన్ని ఒడ్డున పడుకోబెట్టిన రోజు కూడా ఇన్ని తూర్లు ఆర్పలా."

నెత్తళ్ల మీది ఈగలు లేచి ఆమె పెదవుల మీద వాలాయి. తోలుకోవడానికి లేదు. చేపలు తిరగేసే ఆడవాళ్లు దూరం జరిగి, పక్క చూపులు చూస్తున్నారు. ఆ చూపుల కన్నా ఈగలే నయమనిపించింది.

గీత తిరిగింది. ఆగింది.

"ఛీ!"

పొద్దు నడినెత్తికి వచ్చే వేళకు పాళెం పెద్ద ముత్యాలయ్య మెట్లెక్కి వచ్చాడు. ఆధార్ కార్డు అడిగి తీసుకున్నాడు. అందులో ఫొటో చూశాడు. వనజాక్షి ముఖం చూశాడు.

"కార్డులో బొట్టుండాది. ఈడ లేదు. మిషను ఎట్టా ఒప్పుకుంటుంది?"

"బొట్టుతో పని లేదు తాతా," అన్నది క్యాథరిన్. "నెట్టు లేకనే."

"నీకు తెలీదులే పాపా. మీలో బొట్టే పెట్టుకోరు గదా."

పిట్టగోడ పక్కన కూర్చున్న అత్త చెంచమ్మ లేచింది. మెట్లు దిగి ఇంటికి పోయింది.

తిరిగొచ్చినప్పుడు ఆమె వేలి కొస మీద ఎర్రటి స్టిక్కరు ఉంది.

వనజాక్షి గుర్తు పట్టింది. మొగుడు ఆఖరిసారి వేటకు పోయిన రోజు, తలకు పోసుకోబోతూ తీసి అద్దానికి అంటించింది. ఎవరూ చూడలేదనుకుంది.

"అందరూ అటు తిరగండి," అన్నది చెంచమ్మ.

ఆడవాళ్లు సముద్రం వైపు తిరిగారు. ముత్యాలయ్యా తిరిగాడు.

పదో రోజున వనజాక్షి నుదురు తుడిచింది చెంచమ్మే. తనకూ మొగుడు లేడు కాబట్టి ఆ పని ఆమెకే అప్పజెప్పారు. ఇప్పుడు అదే బొటనవేలు నుదుటి మీద ఆనింది. జిగురు ఆరిపోయి ఉంది. గట్టిగా అదిమింది.

"ఏమనుకోబాక మే. మిషను కోసరం."

వనజాక్షి అత్త కళ్లలోకి చూడలేక ఫోనుకేసి తిరిగింది.

"కళ్లు ఆర్పండక్కా."

ఆర్పింది.

గీత తిరిగింది. పచ్చగా మారింది.

"చూస్తిరా!" అన్నాడు ముత్యాలయ్య, ఇటు తిరిగి.

ఫోను పై మూల రెండు సిగ్నల్ గీతలు లేచి ఉన్నాయి. పొద్దుటి నుంచి అక్కడ ఒక్కటీ లేదు. క్యాథరిన్ చూసింది. వనజాక్షీ చూసింది.

క్యాథరిన్ నోరు తెరిచింది. వనజాక్షి ఆమెకేసే చూస్తున్నది.

క్యాథరిన్ ఫోను సంచిలో పెట్టుకుంది.

"నెలనెలా ఇట్నే చూపాలంట గదా?" అడిగింది చెంచమ్మ.

"ఒకటో తేదీనవ్వా."

"అయితే నెలకొక తూరి పెట్టుకోవాల్సిందే," అన్నాడు ముత్యాలయ్య, తీర్పు చెప్పినట్టు. "తప్పదు మరి."

చెంచమ్మ చెయ్యి నుదుటి దాకా వచ్చింది. వనజాక్షి తల వెనక్కి తీసుకుంది.

"పొద్దు గూకేదాకా ఉండనీ అత్తా. మిషను మళ్లీ అడుగుద్దేమో."

మెట్ల దగ్గర క్యాథరిన్ ఆగింది.

"కొత్త సామాను వచ్చే నెల్లో బిగిస్తారంటక్కా. ఇంక ఈ రోత ఉండదు. బొట్టున్నా లేకున్నా ఇంట్లో కూచోనే నిమిషంలో అయిపోద్ది."

వనజాక్షి టవరుకేసి చూసింది. మేకలు నీడతో పాటు పక్కకు జరిగి పడుకున్నాయి.

"కానీలే పాపా," అన్నది. "తొందరేముంది."

పామంజి సుభాషిణి, అరవై మూడేళ్లు. ఇప్పుడు ఉండేది బిట్రగుంటలో.