ఖాళీ ఆకు మీద ముద్ర

అడవి బడికి తల్లుల కమిటీ వేశారు. అందులో తననీ చేర్చారని తెలిసి ఉడుతమ్మకు కాళ్ళు నేలమీద నిలవలేదు. తోక దువ్వుకుని మరీ మీటింగుకు వెళ్ళింది.

"సారూ, పిల్లలు కూర్చునేచోటే పాము కన్నం ఉంది. పూడ్పించండి," అంది.

"అలాగేనమ్మా. ముందిక్కడ ముద్ర వెయ్యండి," అంటూ హెడ్మాస్టరు తాబేలు ఓ ఆకు ముందుకు జరిపాడు.

"ఇందులో ఏమీ రాయలేదే?"

"తీర్మానం తర్వాత రాసుకుంటాంలెండి. అందరూ వేసేశారు."

కుందేలమ్మా జింకమ్మా ముద్రలు వేసి అప్పుడే రేగుపళ్ళ మీద పడ్డారు. తనొక్కతే పేచీ పెడితే ఏం బాగుంటుందని ఉడుతమ్మా వేసింది. నెలనెలా అదే అడిగింది. నెలనెలా ముద్ర వేసింది.

వానలు పడ్డాక పాము ఆమె ఒక్కగానొక్క పిల్లనే మింగింది.

ఏడుస్తూ పరుగెత్తుకొచ్చిన ఉడుతమ్మకు తాబేలు మాస్టారు ఆకు చదివి వినిపించాడు. "కన్నం పూడ్చారు. సభ్యులందరూ చూసి సంతృప్తి చెందారు." కింద ఆమె ముద్రే ఉంది.

"అబద్ధం! రేపు మీటింగులో అందరిముందూ అడుగుతాను!"

మాస్టారు తల సగం డిప్పలోకి లాక్కున్నాడు.

"మీరెలా వస్తారమ్మా? బళ్ళో పిల్లలున్న తల్లులే కమిటీలో ఉండాలి కదా."